నాన్న చివరి బట్టీ సీసాలు: ఇప్ప సారాని ఏళ్ల తరబడి నిలవ ఉంచాలంటే మూత ఎలా బిగించాలి?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. నాన్నగారు ఇరవై ఏళ్లకి పైగా లైసెన్సు మీద ఇప్ప సారా బట్టీ నడిపారు. మా ఒడిశాలో దాన్ని ఔట్‌స్టిల్ దుకాణం అంటారు. 2019లో మానేశారు. మానే ముందు చివరి బట్టీ నుంచి ఆరు సీసాలు తీసి పక్కన పెట్టారు. ఒక్కో దాని మీద తేదీ, పువ్వు ఏ ఊరిదో తన చేత్తోనే రాసి అతికించారు. "మనవరాలి పెళ్లికి తియ్యి" అన్నారు. మా పాప ఇప్పుడు ఏడో తరగతి. నాన్న పోయి రెండేళ్లయింది.

మొన్న సంవత్సరీకానికి సామాన్లు సర్దుతూ అటక ఎక్కితే మనసు పాడైపోయింది. ఆరు సీసాల్లో ఒకటి సగానికి సగం ఖాళీ. రెండిట్లో రెండేసి వేళ్ల మేర తగ్గింది. ఒకటి మాత్రం నిండుగానే ఉంది గానీ, నీళ్లలా తెల్లగా ఉండాల్సిన సారా టీ డికాక్షన్ రంగులోకి తిరిగింది. మిగతా రెండూ బాగానే కనిపిస్తున్నాయి. నాన్న అన్నిటికీ కార్కు బిరడా కొట్టి పైన లక్క పోశారు. లక్క చాలా వాటికి పగలలేదు. మరి సరుకు ఎటు పోయింది? ఇంకో పదేళ్లు ఉంచాలంటే ఏం చేయాలి? తాగడానికని కాదు ఈ ఆరాటం. ఆయన చేతిది అదొక్కటే మిగిలింది.

నాగావళి ఒడ్డు (రాయగడ)

బాబూ, ముందు మూడు సంగతులు చెప్పండి. సీసాలు నిలబెట్టి ఉన్నాయా, పడుకోబెట్టి ఉన్నాయా? అటక మీద కప్పు పెంకా, రేకా? రంగు తిరిగిన సీసా మిగతా వాటి లాగే ఉందా, వేరేగా ఉందా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

పెంకుటిల్లే గానీ అటక మీద వెనక సగం రేకు వేయించాం. ఎండాకాలం అక్కడ చెయ్యి పెట్టలేం. నాలుగు నిలబెట్టి ఉన్నాయి, రెండు పడుకోబెట్టి. మీరు అడిగాక చూస్తే రంగు తిరిగింది పడుకోబెట్టిన వాటిలో ఒకటి. సగం ఖాళీ అయింది రెండోది.

చెక్కపని మేస్త్రి (జయపురం)

తమ్ముడూ, రంగు సంగతి నేను చెప్తాను. అది లక్క రంగు. మేము బీరువాలకి, మంచాలకి పాలిష్ ఎలా చేస్తామనుకున్నావ్? లక్క పొలుసులు తెచ్చి స్పిరిట్‌లో వేసి రాత్రంతా ఒగ్గేస్తాం. తెల్లారేసరికి కరిగి తేనె రంగు పాలిష్ అయిపోతుంది. లక్క నీళ్లలో కరగదు, నూనెలో కరగదు, సారాలో కరిగిపోతుంది. మీ నాన్నగారు పోసిన లక్క పైన చూడ్డానికి రాయిలా ఉన్నా, పడుకోబెట్టిన సీసాలో సారా కార్కు పక్కనుంచి ఊరి లక్కని తాకుంటుంది. తాకిన చోట కరిగి మెల్లగా లోపలికి దిగిపోయింది.

లక్క మంచిదే. మా కోరాపుట్ వైపు సంతల్లో కుసుమ చెట్టు లక్క, రేగు చెట్టు లక్క, మోదుగ లక్క అని వేరువేరుగా అమ్ముతారు. కుసుమ లక్కకే రేటెక్కువ. గాజులకీ, ముద్రలకీ, కత్తి పిడికీ దాన్ని మించింది లేదు. సారా సీసాకి మాత్రం వద్దు. ఎవరైనా పోసినా అది చుక్క తాకని చోట ఉండాలి, సీసా నిలబడే ఉండాలి.

ఇంకోటి. మా పాలిష్ స్పిరిట్‌ని తాగే సరుకుతో ఎవరూ కలపొద్దు. అందులో విషం కావాలనే కలుపుతారు. మా దగ్గర పనికి వచ్చే కుర్రాళ్లకి మొదటి రోజే ఈ మాట చెప్తాను.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

మేస్త్రి గారూ, ఐదేళ్లుగా మా ఇంట్లో ఉన్న సీసాకి ఏమైందో ఒక్క మాటతో తేల్చేశారు. ఆ సీసా తాగడానికి పనికొస్తుందా?

చెక్కపని మేస్త్రి (జయపురం)

లక్క తిన్నా ఏం కాదంటారు. మిఠాయిల మెరుపుకీ మాత్రల మీద పూతకీ వాడతారట. కానీ అంగట్లో ముద్ర లక్క అని అమ్మేదాంట్లో రంగులు, రాళ్ల పొడి, ఇంకా ఏవేవో కలుస్తాయి. నేనైతే తాగను, ఎవరికీ పొయ్యను. గుర్తుగా ఉంచుకో.

రసాయనం టీచరు (గుణుపురం)

మహేంద్రతనయ గారూ, తగ్గిన సారా ఎటు పోయిందన్న ప్రశ్నకి సమాధానం మీ రేకు కప్పులోనే ఉంది. కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

వేడికి నీళ్లు వ్యాకోచిస్తాయి గానీ తక్కువ. ఆల్కహాల్ చాలా ఎక్కువ వ్యాకోచిస్తుంది. 750 మి.లీ. సీసాలో నీళ్లు పోసి 20 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకి వేడెక్కనిస్తే నాలుగైదు మి.లీ. పెరుగుతాయి. అదే 40 శాతం సారా అయితే పది మి.లీ. దాకా, శుద్ధ ఆల్కహాల్ అయితే పదహారు మి.లీ. దాకా పెరుగుతుంది. ఇప్పుడు మెడ దాకా నింపి బిరడా కొట్టిన సీసాని ఊహించుకోండి. పైన ఇరవై మి.లీ. గాలే ఉందనుకుందాం. మధ్యాహ్నం రేకు కింద ద్రవం పది మి.లీ. పెరిగితే ఆ గాలి సగానికి నొక్కుకుపోతుంది, అంటే ఒత్తిడి రెట్టింపవుతుంది. ఆవిరి ఒత్తిడి దానికి అదనం. అంత ఒత్తిడికి కార్కు పక్కనుంచి కొంత ఆవిరి బయటికి తోసుకుపోతుంది. రాత్రి చల్లబడ్డాక సీసా లోపల వెలితి ఏర్పడి బయటి గాలిని పీల్చుకుంటుంది. మళ్లీ మధ్యాహ్నం ఆవిరి బయటికి, మళ్లీ రాత్రి గాలి లోపలికి. సైకిల్ పంపు లాగా ఐదేళ్లు, రోజుకొకసారి. ఒక్కరోజు పోయింది కంటికి ఆనదు. కార్కు కాస్త వదులుగా ఉన్న సీసా ఐదేళ్లకి మీకు సగం మిగిలింది.

అందుకే నా మొదటి మాట: మూత సంగతి తర్వాత చూద్దాం, ముందు సీసాలు అటక దింపండి. పగటికీ రాత్రికీ వేడిలో తేడా తక్కువగా ఉండే చోటు చూడండి. మట్టి గచ్చు ఉన్న లోపలి గది, ఉత్తరం గోడ, నేల మట్టం. చెక్క పెట్టెలో వరి ఊక నింపి అందులో నిలబెట్టండి. ఊక వేడిని లోపలికి పోనివ్వదు, తగిలినా సీసా పగలదు, వెలుతురు కూడా సోకదు. వెలుతురు వాసనని చంపుతుంది, తెల్ల గాజైతే మరీను.

రెండో మాట: నిలబెట్టే ఉంచండి. పడుకోబెట్టాలన్న మాట వైన్‌కి చెందింది. కార్కు తడిగా ఉండాలని అలా చేస్తారు. వైన్‌లో ఆల్కహాల్ పన్నెండు, పదమూడు శాతం. నలభై శాతం సారాలో కార్కు నానితే మెత్తబడి చిట్లుతుంది, దాని రంగూ వాసనా సరుకులోకి దిగుతాయి. కార్కు నిజానికి ఓక్ జాతి చెట్టు బెరడు, పోర్చుగల్ వైపు నుంచి వస్తుంది. మన అంగట్లో దొరికే చవక బిరడాల్లో చాలా వరకు ఆ బెరడు పొడిని జిగురుతో అంటించినవి. ఆ జిగురు సారాకి నిలుస్తుందని నేను నమ్మను.

మూడో మాట భయపెట్టేది, అయినా చెప్పాలి. నలభై శాతం సారా పైన ఉండే ఆవిరి 26 డిగ్రీల దగ్గరే నిప్పంటుకోగలదు. మనకి జనవరిలో మధ్యాహ్నం కూడా అంత వేడి ఉంటుంది. మూత తెరిచిన సీసా పక్కన కొవ్వొత్తితో లక్క కరిగించడం చాలా ఇళ్లలో చూశాను. అలా చేయకండి. మైనం కరిగించాలంటే వేరే గదిలో, మరిగే నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించండి. ఈ గదిలో సీసాకి బిరడా బిగించి, తుడిచి, ఆ తర్వాతే దాన్ని అక్కడికి తీసుకెళ్లండి.

నాగావళి ఒడ్డు (రాయగడ)

మేడం గారూ, మా అత్తవారింట్లో రెండు మూడేళ్లు ఉంచిన సీసాకి చలికాలం తెల్లని పొగలా పడుతుంది. పాడైపోయిందని పారబోశారు. నిజంగా పాడైనట్టేనా?

రసాయనం టీచరు (గుణుపురం)

పారబోయక్కర్లేదేమో. బట్టీ సరుకులో కొవ్వు ఆమ్లాల ఎస్టర్లు అనే నూనెలాంటి పదార్థాలు ఉంటాయి. చల్లబడితే, లేదా నీళ్లు కలిపి శాతం తగ్గిస్తే అవి విడిపోయి తెల్లగా కనిపిస్తాయి. కొంచెం వెచ్చని చోట పెడితే మళ్లీ తేటపడుతుంది. అలా తేటపడకపోయినా, పుల్లని వాసన వచ్చినా వేరే సంగతి. ఇరవై శాతం దాటిన సారా పులియదు. ఇళ్లలో చివర్లో దిగే పలచటి సారాకి మాత్రం అంత బలం ఉండదు, అది పులిసి వెనిగర్ కావచ్చు. కొలవడానికి ఆల్కహాల్ మీటరు ఒకటి కొనుక్కోండి. గాజు గొట్టంలో తేలుతుంది, గీత చూసి చెప్పేయొచ్చు.

మొగలి పొద (బరంపురం)

నేను సారా మనిషిని కాదు. మా కుటుంబం మొగలి పువ్వు బట్టీల్లో పనిచేసింది. చికిటి, రంగైలుండా, ఛత్రపూర్ వైపు కట్టల వెంబడి మొగలి పొదలే. వానాకాలంలో మగ పువ్వు కోసి తెస్తే డేగ్ అనే పెద్ద రాగి పాత్రలో వేసి ఉడికించి, ఆ ఆవిరిని వెదురు గొట్టం గుండా నీళ్లలో ఉంచిన భబ్కా అనే ఇంకో పాత్రలోకి దింపుతారు. భబ్కాలో గంధపు నూనె ఉంటే అత్తరవుతుంది, ఏమీ లేకుండా పువ్వు సారం ఒక్కటే తీస్తే రూహ్. మా గంజాం కేవడా రూహ్‌కి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

డేగ్ మూత చుట్టూ, గొట్టం అతుకుల దగ్గరా గుడ్డా మట్టీ కలిపి దట్టిస్తాం. ఎక్కడో సన్న పగులు ఉంటే ఆ చోట నిలబడ్డ వాడి ముక్కుకే ముందు తెలుస్తుంది. ఒక్క పగులుతో ఆ రోజు సంపాదన పోతుంది. కాబట్టి మూత మీద మాకున్న పట్టుదల అంతా ఇంతా కాదు.

రూహ్ నిలవ ఉంచడానికి మా పెద్దవాళ్లు నమ్మింది గాజు బిరడాని. సీసా మెడా, బిరడా రెండూ గరుకుగా అరగదీసి ఒకదానికొకటి కుదిర్చినవి. ఏ సీసా బిరడా ఆ సీసాకే పనికొస్తుంది, మార్చుకుంటే కారుతుంది. కొట్లో నాలుగు సీసాలు ఒకేసారి కడిగి బిరడాలు కలిపేసినందుకు చిన్నప్పుడు నాకు చీవాట్లు పడ్డాయి. ఆ తర్వాత సీసాకీ బిరడాకీ ఒకే అంకె గీసి ఉంచేవాళ్లం. పైన తేనె మైనం సన్నగా రాసి గుడ్డ కట్టేవాళ్లం. మైనం పని సందు మూయడం వరకే. పట్టు అంతా బిరడాదే.

మహేంద్రతనయ గారూ, మీ నాన్నగారి పద్ధతిలో తప్పు అక్కడే జరిగిందని నా అభిప్రాయం. బిరడా వదులుగా ఉన్నా లక్క ఆపుతుందనుకున్నారు. పైన ఎంత మందంగా పోసినా లోపలి బిరడా కుదరకపోతే ఆవిరి దారి వెతుక్కుంటుంది.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

మీరు చెప్పింది నిజమే అనిపిస్తోంది. బాగున్న రెండు సీసాలకీ నాన్న కొత్త కార్కులు కొట్టారు, గట్టిగా లోతుగా ఉన్నాయి. సగం ఖాళీ అయిన దానిది పాత కార్కు, ఒక వైపు అరిగి ఉంది.

వేదిక నిర్వాహకులు

ఒక మనవి. ఈ చర్చ నిలవ గురించే. బట్టీ ఎలా పెట్టాలి, ఎలా దింపాలి అన్న ప్రశ్నలు ఇక్కడ వేయకండి. లైసెన్సు లేకుండా సారా దింపడం నేరం. ఎవరింట్లో ఎంత ఉంచుకోవచ్చన్న పరిమితి మీ ఎక్సైజ్ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. సరిహద్దు దాటించి అటు ఇచ్ఛాపురమో పాతపట్నమో తీసుకెళ్తే అక్కడ అది నాటుసారా కేసు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో, అంటే కోరాపుట్, రాయగడ, మల్కనగిరి లాంటి చోట్ల, 1996 పెసా చట్టం (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం) ప్రకారం మత్తు పదార్థాల అమ్మకం, వాడకం మీద ఆంక్ష పెట్టే అధికారం గ్రామసభకి ఉంది. ఊరి తీర్మానం ఏమిటో కూడా కనుక్కోండి.

ప్రాణహిత (సిరోంచ)

మాది మహారాష్ట్రల గడ్చిరోలి జిల్లా అన్నా. మాకు నది అవతలే కాళేశ్వరం. మా జిల్లాల 1993 నుంచి దారు బందే, అంటే మందు నిషేధమే ఉన్నది. పక్క చంద్రపూర్‌ల 2015ల పెట్టి 2021ల తీసేసిన్రు, మాకు మాత్రం తియ్యలే. కాబట్టి సీసల సారా ముచ్చట నాకు లేదు, నేను ఇప్ప పువ్వు పాకం కోసం వచ్చిన.

మా అమ్మ ఎండిన ఇప్ప పువ్వు నానబెట్టి ఉడికిచ్చి వడగట్టి పాకం తీస్తది. రొట్టెలకు అద్దుకుంటే బెల్లం యాదికి రాదు. గని రెండు నెలలకే సీసల బుడగలు లేస్తున్నయి, మూత తీస్తే బుస్సుమంటది. మూత గట్టిగ పెడ్తే ఆగుతదా?

కొండదారి (కోరాపుట్)

అన్నా, ఆపద! గట్టిగా మూత పెట్టకండి. బుడగలు లేస్తున్నాయంటే లోపల పులుస్తోంది. నేను జీలుగు కల్లుతో అనుభవించాను. పెళ్లికి వచ్చిన చుట్టాలకి ఇద్దామని తెల్లారుజామున దింపిన కల్లు గాజు సీసాలో పోసి మర మూత బిగించి సంచిలో పెట్టుకొచ్చాను. బస్సు దిగేలోపే సంచిలోనే పేలింది. గాజు ముక్క మా చిన్నోడి చెవి పక్కనుంచి పోయింది. ఇప్పటికీ తలుచుకుంటే చెయ్యి వణుకుతుంది. కల్లు, ల్యాండ (బియ్యంతో పులియబెట్టే పానీయం), పులిసే పాకం, ఏదైనా సరే, పులుస్తున్నంత సేపు దానికి గాలి పోయే దారి ఉండాలి. గట్టి మూత బట్టీ దిగిన సరుకుకే, లేదా పూర్తిగా ఉడికించి ఆపేసిన పాకానికే.

రసాయనం టీచరు (గుణుపురం)

కొండదారి గారి మాట అక్షరాలా నిజం. ప్రాణహిత గారూ, మీ పాకంలో నీళ్లు ఎక్కువగా మిగిలాయి. బరువులో మూడింట రెండొంతులు చక్కెర అయ్యేదాకా చిక్కబడితే ఈస్టు బతకడం కష్టం. ఇప్ప పువ్వులో సహజంగానే చక్కెర ఉంది కాబట్టి ఇంకొంత సేపు మరిగిస్తే సరిపోతుంది, కావాలంటే కాస్త బెల్లం వేయండి. వేడి నీళ్లలో మరిగించిన సీసాల్లో పాకం 85 డిగ్రీల పైన ఉండగానే మెడ దాకా పోసి, మూత బిగించి, రెండు నిమిషాలు తలకిందులు చేయండి. ఆ వేడికి మూత లోపలి భాగం కూడా శుద్ధి అవుతుంది. చల్లారాక లోపల వెలితి పట్టి మూత తనంతట తానే బిగుసుకుంటుంది. నిమ్మరసం పిండితే ఇంకా మేలు. ఈ పద్ధతి సారాకి మాత్రం వాడకండి. వేడి సారా సీసాలో పోయడమంటే నిప్పుతో ఆడుకోవడమే.

ప్రాణహిత (సిరోంచ)

మస్తు సంతోషమక్కా. ఏప్రిల్‌ల పువ్వు రాలుతది కదా, గప్పుడే చేసి చెప్త.

నాగావళి ఒడ్డు (రాయగడ)

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం, ఏ మూత మంచిది? నేను పదేళ్ల నుంచి చూస్తున్నాను కాబట్టి చెప్తున్నా. పాత రమ్ము సీసాలు కడిగి వాటి మూతలే మళ్లీ బిగించే అలవాటు మనందరికీ ఉంది. ఆ అల్యూమినియం మూత మొదటిసారి యంత్రం మీద సీసా మరకి నొక్కి కుదిర్చింది. తెరిచేటప్పుడు కింద వలయం తెగిపోతుంది. మళ్లీ బిగిస్తే చేతికి గట్టిగానే తగులుతుంది గానీ లోపలి మెత్తటి బిళ్ల అప్పటికే నలిగిపోయి ఉంటుంది. ఏడాది నిలవకి పరవాలేదు, పదేళ్లకి వద్దు. కొత్త మూతలు 28 మి.మీ.వి దొరుకుతాయి, నొక్కే చేతి యంత్రం కూడా చిన్నది దొరుకుతుంది.

నా ఓటు మాత్రం సోడా మూతకే. అదే పళ్ల అంచు ఉన్న రేకు మూత, 26 మి.మీ. చేతి మీట యంత్రంతో ఒక్క నొక్కు. పర్లాకిమిడిలో, బరంపురంలో సోడా చేసే కొట్లలో అడిగితే ఇచ్చేస్తారు. ఫ్రాన్సులో షాంపేన్ తయారయ్యేటప్పుడు కార్కు కొట్టకముందు ఏళ్ల తరబడి ఇలాంటి మూత కిందే ఉంచుతారట. అంత ఒత్తిడికే ఆగింది మన సారాకి ఆగదా? దానికి బీరు సీసా మెడ కావాలి, అంతే.

చెక్కపని మేస్త్రి (జయపురం)

సోడా మూత లోపల ప్లాస్టిక్ బిళ్ల ఉంటుంది కదా. సారాకి తగిలితే వాసన పట్టదా?

నాగావళి ఒడ్డు (రాయగడ)

నిలబెట్టి ఉంటే సారా తగలదు, ఆవిరే తగులుతుంది. మూడేళ్లు ఉంచిన సీసా నేను తెరిచాను, నాకు తేడా తెలియలేదు. పదేళ్ల సంగతి నేను పరీక్షించలేదు కాబట్టి దాని మీద మాట ఇవ్వను.

రసాయనం టీచరు (గుణుపురం)

సోడా మూతకి బదులు ఇంకొకటి ఉంది. మందుల సీసాల కొట్లలో గోధుమరంగు గాజు సీసాలతో నల్ల మూతలు వస్తాయి. కొన్నిటికి లోపల గరాటులాంటి ప్లాస్టిక్ కోను ఉంటుంది, బిగించేకొద్దీ సీసా నోటిలోకి దిగి పట్టేస్తుంది. మా ల్యాబులో ఆల్కహాల్ వాటిలోనే ఉంచుతాం. మర మీద ప్లంబర్లు కొళాయికి చుట్టే తెల్ల టెఫ్లాన్ టేపు రెండు చుట్లు వేసి బిగిస్తాం. టెఫ్లాన్‌ని సారా ఏమీ చేయలేదు. రబ్బరు బిరడాలు, మెత్తటి ప్లాస్టిక్ డబ్బాలు మాత్రం వద్దు. వాటి నుంచి వాసన ఆల్కహాల్‌లోకి దిగుతుంది, వారాల్లోనే తెలిసిపోతుంది. సత్తు పాత్రలో కూడా ఉంచకండి. ఇప్ప సారాలో కొంత ఆమ్లం ఉంటుంది, సత్తుని తినేస్తుంది.

తగ్గిన సీసాల విషయం కూడా చెప్పాలి. సగం ఖాళీ సీసాలో గాలి ఎక్కువ, వాసన త్వరగా పోతుంది. మిగిలిన దాన్ని చిన్న సీసాలోకి మార్చండి. 180 మి.లీ. సీసాలు రెండైనా పరవాలేదు. మెడ మొదలయ్యే చోటు దాకా నింపి, పెరగడానికి కాస్త చోటు వదలండి.

మూత నిలబడిందో లేదో తెలుసుకోవడానికి నిజమైన పరీక్ష తూకమే. గ్రాము దాకా చూపించే వంటింటి తూకం చాలు. బిగించిన రోజు సీసాని తుడిచి తూచి అంకె మెడకి కట్టండి. నెలకోసారి అదే తూకం మీద, అదే వేళకి తూచండి. ఆవిరి కంటికి కనపడదు గానీ తూకానికి తప్పక తెలుస్తుంది. మూణ్నెల్లలో గ్రాము కూడా తగ్గకపోతే మీ మూత మంచిదే.

ఇంకొక్క మాట. మహేంద్రతనయ గారి సీసాలు లైసెన్సు బట్టీవి, ఆయన కళ్ల ముందు దిగినవి. అందరి దగ్గరా ఉన్నది అలాంటిది కాదు. మూత ఎంత మంచిదైనా, ఎన్నేళ్లు ఉంచినా సారాలో మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ ఉంటే అది పోదు. సీసం కూడా పోదు, పాత వాహనాల రేడియేటర్లతో దింపిన దాంట్లో అది ఉంటుంది. అంటిస్తే నీలం మంట వచ్చిందని మంచిదనుకోకండి, మిథనాల్ కూడా నీలంగానే మండుతుంది. 1992లో కటక్‌లో కల్తీ సారా తాగి రెండు వందల మందికి పైగా పోయారు. నేనప్పుడు చిన్నదాన్ని, ఇంట్లో రేడియో చుట్టూ అందరూ నిశ్శబ్దంగా కూర్చున్న సాయంత్రం ఇంకా గుర్తుంది. తాగిన కొన్ని గంటల తర్వాత, మర్నాడైనా సరే, కళ్లు మసకబారినా, కడుపులో తిప్పినా, ఊపిరి వేగంగా ఆడినా క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏం తాగారో దాచకుండా డాక్టరుకి చెప్పండి. విరుగుడు ఉంది, ఆలస్యమైతే కళ్లు, ఆ తర్వాత ప్రాణం పోతాయి.

మొగలి పొద (బరంపురం)

టీచరు గారూ, తూకం మాట బంగారం లాంటిది. మా కొట్లో కూడా రూహ్ సీసాలు దీపావళికి ఒకసారి, ఉగాదికి ఒకసారి తూచేవాళ్లు. అది దొంగతనం పట్టుకోవడానికి అనుకునేవాణ్ణి. మూత కనిపెట్టడానికి కూడా అని ఇప్పుడే తెలిసింది.

మహేంద్రతనయ గారూ, మైనం పోయాలనుకుంటే తేనె మైనమే తెచ్చుకోండి. కొవ్వొత్తి మైనం చల్లబడ్డాక పెళుసుగా మారి చిట్లుతుంది. తేనె మైనం వేలితో నొక్కితే ఒదుగుతుంది, అరవై రెండు, అరవై నాలుగు డిగ్రీలకి కరుగుతుంది, చల్లని సారాలో కరగదు. సంతలో సవరలు ఉండలు కట్టి అమ్ముతారు కదా, అదే. వడగట్టి వాడండి, తేనెతుట్టె ముక్కలు ఉంటాయి. గట్టిపడడానికి గుగ్గిలం కలుపుతారు కొందరు. బంకలు కూడా సారాలో కొంత కరుగుతాయి కాబట్టి నేను కలపను.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ చాలా రుణపడ్డాను. రేపే అటక దింపుతాను. ఒక్క సందేహం మిగిలింది. బాగున్న రెండు సీసాలు తెరిచి కొత్త మూత వేయాలా, నాన్న కొట్టిన కార్కు అలాగే ఉంచాలా?

చెక్కపని మేస్త్రి (జయపురం)

తెరవొద్దు తమ్ముడూ. ఐదేళ్లు ఆ వేడిలోనే ఆగింది. చల్లని చోట నిలబెడితే ఇంకా ఆగుతుంది. లక్క మీద మెల్లగా మైనం పూత ఒకటి వెయ్యి, అంతే. ఆయన చేత్తో కొట్టిన బిరడా తీసేస్తే తర్వాత నీకే మనసు పీకుతుంది.

రసాయనం టీచరు (గుణుపురం)

మేస్త్రి గారితో ఏకీభవిస్తున్నాను. తూకం మాత్రం ఆపకండి. తగ్గడం మొదలైతే అప్పుడు ఆలోచిద్దాం.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

ఐదు నెలల తర్వాత రాస్తున్నాను. ఆలస్యానికి మన్నించండి.

వెనక గది మట్టి గచ్చు మీద టేకు పెట్టె పెట్టి ఊక నింపాను. నాన్న కార్కుతో ఉన్న రెండు సీసాలకీ తేనె మైనం పూశాం. అమ్మ పక్క గదిలో కరిగించి ఇస్తే నేను పూశాను. మొదటి రోజు ఒకటి 1,214 గ్రాములు, ఇంకొకటి 1,198. నిన్న తూచితే మొదటిది 1,214, రెండోది 1,197. ఆ ఒక్క గ్రాము తూకానిదో సీసాదో వచ్చే నెల తేలుతుంది.

తగ్గిన రెండిటినీ నాలుగు గోధుమరంగు సీసాల్లోకి మార్చి కోను మూతలు బిగించాను. వాటిలో మూడు కదల్లేదు. నాలుగోది మూడు గ్రాములు తగ్గింది. మూత తీసి చూస్తే మెడ అంచున గాజు చిన్నగా లేచిపోయి ఉంది, వేలితో తడిమితేనే తెలిసింది. సీసా మార్చాను. సగం ఖాళీ అయినదాన్ని ఏం చేయాలో తెలియలేదు, వాసన చూస్తే ఇప్ప పువ్వు వాసన దాదాపు పోయింది. దాన్ని అలాగే ఉంచాను.

లక్క రంగు సీసా సంగతి. నాన్నకి గుమ్మా వైపు ఒక సవర స్నేహితుడు ఉండేవారు, బట్టీకి పువ్వు ఆయన ఊరి నుంచే వచ్చేది. నాన్న పోయాక ఆయన రావడం ఇదే మొదటిసారి. సీసా చూపించి తాగడానికి పనికిరాదని చెప్పాను. వాళ్లలో పెద్దలకి సారా ధారపోయడం ఆనవాయితీ కదా, "పెద్దలకి రంగుతో పనేముంది" అని తీసుకుని, మా పెరట్లో ఇప్ప చెట్టు మొదట్లో నాన్న పేరు చెప్పి కొంచెం పోశారు. మిగతాది మళ్లీ బిరడా పెట్టి నా చేతికిచ్చి, నాన్న చీటీ మీద రాసిన ఊరి పేరు వేలితో చూపించి, ఆ చెట్లు ఇంకా ఉన్నాయని చెప్పారు.

చెక్కపని మేస్త్రి (జయపురం)

తమ్ముడూ, ఆ మిగతాది నిలబెట్టే ఉంచు. చీటీలు కూడా చూసుకో, ఊకలో చెమ్మ పడితే సిరా పోతుంది. పైన పలచగా మైనం రుద్దు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

ఇప్పుడే వెళ్లి రుద్దుతాను మేస్త్రి గారూ.